మంగళగిరి చీటీ

మంగళగిరిలో పాడ్‌కాస్ట్ నడిపే కుర్రాడొకడు ఓ పెద్ద నేతగాడి దగ్గరికెళ్లి, గుంటమగ్గం పక్కనే కూర్చుని మాట్లాడించాడు.

పెద్దాయన గోడు ఒక్కటే. మరమగ్గం మీద దిగిన చీరకు 'మంగళగిరి చేనేత' అని చీటీ అంటించి అమ్మేస్తున్నారు. కొన్ని రకాలు చేతిమగ్గానికే చెందాలని 1985లో చట్టం వచ్చింది, 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ వచ్చింది, అయినా ఆ పని ఆగలేదు. "అంచు పట్టుకుని చూడబ్బాయ్, సూదిమొనంత చిల్లులుంటాయి. నేసేటప్పుడు గుడ్డని బిగదీసి పట్టే పుల్ల మొనలు దిగిన గుర్తులవి" అన్నాడు. ఆ మాటల వెనక మగ్గం చప్పుడూ రికార్డయింది. పదిమందీ వినాల్సిన ఎపిసోడ్ అది.

యూట్యూబ్‌లో పెట్టబోతే ట్యాగుల గడి వచ్చింది. నిజానికి ట్యాగు చేసే పని చిన్నది. ఒకప్పుడు ఐట్యూన్స్ ఎపిసోడ్‌కి 12 కీవర్డ్‌లు ఇచ్చుకోనిచ్చేది, తర్వాత ఆపిలే వాటిని పక్కన పెట్టేసింది. జనం స్పెల్లింగు తప్పు కొట్టే మాటలకు తప్ప ట్యాగులతో పెద్దగా ఒరిగేదేమీ లేదని యూట్యూబే చెబుతుంది. శీర్షికలోనే విషయం ఉండాలి. ఆపైన గుంటమగ్గం, నిజాం అంచు, మంగళగిరిని ఇంగ్లిషులో రాసే నాలుగైదు తీర్లు ఇస్తే సరిపోతుంది. ఆ చీర కోసం వెతికేవాడికి దారి దొరికితే చాలు కదా.

కుర్రాడు అవన్నీ రాశాడు. గడిలో ఇంకా చోటుంది. ఎయిమ్స్ ఉద్యోగాలు, అమరావతి స్థలాలు, ఐపీఎల్, బిగ్‌బాస్, ఈరోజు బంగారం ధర అని కూడా చేర్చాడు.

ఆ సాయంత్రమే ఫోను పట్టుకుని మగ్గం దగ్గరికొచ్చాడు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని తన ఫొటో చూసి మురిసిపోయాడు. కింద ఉన్న వరస మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు.

"ఇయ్యేంటబ్బాయ్?"

"ట్యాగులు తాతా. జనం వీటిని కొట్టి వెతుకుతారు. అప్పుడు మనది కనపడుద్ది."

"బంగారం ధర నేనెక్కడ చెప్పాను?"

"చెప్పలేదనుకో. అట్టా పెడితే ఎక్కువమంది వస్తారు తాతా."

పెద్దాయన ఫోను చేతికిచ్చేసి, గుంటలోకి కాళ్లు దించి నాడె అందుకున్నాడు.

"మరమగ్గం చీరకి మన చీటీ అంటించేవోడూ ఇదే మాటంటాడు, నాయనా."