యాక్టింగ్ సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: జనరల్ మజ్దూర్, రెండో షిఫ్టు, హాలర్ ఆపరేటరుగా యాక్టింగ్.

అవతారిక: సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా భూగర్భ గనులపై మస్టరు (హాజరు) దగ్గర వినిపించే ఇటువంటి వాక్యాన్ని సామాన్యులు డ్యూటీ మాటగానే తీసుకుంటారు గాని, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ పండితులు దశాబ్దాలుగా తర్కిస్తున్న పాత్రల సమస్య అంతా ఇందులోనే ఇమిడి ఉన్నందున దీనికి వ్యాఖ్యానం అవసరమైంది.

ప్రతిపదార్థం: జనరల్ మజ్దూర్ = మొదటి కేటగిరీ కార్మికుడు, అనగా పుట్టుకతోనే క్లాసు ఖాయమైన ఆబ్జెక్టు; రెండో షిఫ్టు = పాత్ర చెల్లుబాటయ్యే సందర్భం; హాలర్ ఆపరేటరుగా = బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగే యంత్రాన్ని నడిపేవాడిగా; యాక్టింగ్ = హోదా మారకుండానే పై కేటగిరీ పని చేయుట.

టీక: 1960లలో ఓస్లోలో డాల్, నైగార్డ్ సిమ్యులా భాషతో క్లాసు, ఆబ్జెక్టు అనే భావాలకు పునాది వేయగా, ఆ దారిలో వచ్చిన జావా వంటి భాషల్లో ఒక క్లాసులో పుట్టిన ఆబ్జెక్టు చివరిదాకా ఆ క్లాసులోనే ఉండవలసి వచ్చింది.

శంక: హాలర్ ఆపరేటరును మజ్దూరుకు ఉపక్లాసుగా రాస్తే చాలదా? చాలదు. ఏలయనగా, షిఫ్టు మారినప్పుడల్లా పాత ఆబ్జెక్టును తీసేసి కొత్తది పుట్టించి, మస్టర్లూ పీఎఫ్ ఖాతా దానికి మార్చాలి. పైగా అతడే రెస్క్యూ శిక్షణ పొందినవాడూ, యూనియన్ పిట్ కార్యదర్శీ అయితే, ఆ మూడు పాత్రల కలయికలకు, ఏ పాత్రా లేనివాడితో కలిపి, 8 క్లాసులు కావాలి. కనుక పాత్రను వేరే ఆబ్జెక్టుగా చేసి, ప్రోగ్రాం నడుస్తుండగానే కార్మికుడికి తొడిగి, షిఫ్టు దిగగానే విప్పడమే సిద్ధాంతం. డేటాబేసుల విషయంలో బాక్‌మన్, దయా 1977లోనే పాత్ర అనే భావాన్ని ప్రతిపాదించగా, గోట్లోబ్, ష్రెఫ్ల్, రాక్ 1996లో స్మాల్‌టాక్ భాషకు దాన్ని జోడించి చూపారు.

మరొక శంక: మనిషి ఒక ఆబ్జెక్టు, పాత్ర మరొక ఆబ్జెక్టు అయితే, ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్నకు కంప్యూటర్ కాదనే చెబుతుంది గదా, అప్పుడు ఒకే షిఫ్టుకు రెండు మస్టర్లు పడవా? పడతాయి. ఆబ్జెక్ట్ స్కిజోఫ్రీనియా అని శాస్త్రం పేరు పెట్టిన దోషం ఇదే. గుర్తింపు కార్మికుడిదేనని, పాత్రలను పోల్చే ముందు వాటి వెనుక ఉన్న మనిషెవరో తెలుసుకోవాలని నియమం పెడితే అది తొలగుతుంది.

విశేషం: గనుల భద్రతా డైరెక్టరేట్ (డీజీఎంఎస్) సర్టిఫికెట్ లేనివాడు, షిఫ్టులో కార్మికుల భద్రత చూసే మైనింగ్ సర్దార్ కాలేడు గనుక, అర్హతను పాత్ర తొడిగేటప్పుడే పరీక్షించాలి, పై కేటగిరీ పనికి దక్కిన వేతన వ్యత్యాసం మాత్రం పాత్రతో పాటు పోక మనిషి ఖాతాలో నిలవాలి.

తాత్పర్యం: పాత్ర వచ్చిపోయేది, మనిషి నిలిచేవాడు. అయితే ఒక పాత్ర ఏళ్ల తరబడి ఊడకుండా ఉంటే దాన్ని పాత్ర అనరాదు. అక్కడ క్లాసే తప్పు పడిందని గ్రహించాలి, దాన్ని సరిదిద్దవలసింది ప్రోగ్రామరు కాదు, ప్రమోషన్ కమిటీ.