కారు ఎక్కడిదాకా పోతది?

మా కాప్రాలో ఒక ఆరోగ్య సంప్రదాయం ఉంది. పొద్దున్నే లేచి, కారు తీసి, చెరువు దాకా పోయి, దాన్ని రోడ్డుకు అడ్డంగా నిలబెట్టి, అప్పుడు నడక మొదలుపెడతారు. మా పక్కింటి తమ్ముడు ఇందులో మహా నిష్ఠాపరుడు. ఇంటి నుంచి చెరువుకు ఆరు నిమిషాల నడక. "ఆ రోడ్డు మీద ఎట్ల నడుస్తమన్నా, కార్లొస్తయి కదా" అంటాడు. వస్తాయి మరి. వాటిలో ఒకటి ఆయనదే.

అలాంటి మనిషితో నాగార్జునకొండకు బయల్దేరాను. కృష్ణ మధ్యలో కారన్నది అడుగుపెట్టని దీవి అది. మాకిది వింతగానీ, అమెరికాలో మాకినా అనే దీవి 1898లోనే మోటారు బండ్లను ఊళ్లోకి రావద్దంది. గుర్రాలు బెదురుతున్నాయని బగ్గీవాళ్లు మొరపెట్టుకున్నారట. ఇప్పటికీ అక్కడ సైకిలో గుర్రమో కాళ్లో, దాదాపు అంతే. మా ఊళ్లో కార్లకు మనుషులు బెదురుతారు. దానికి మొరపెట్టుకునే చోటు లేదు.

ముందు శుక్రవారం పోదామన్నాడు. ఆ రోజు అక్కడి మ్యూజియానికి సెలవని చెప్పి శనివారానికి ఒప్పించాను. ఈసీఐఎల్ చౌరస్తా దాటి, నాచారం మీదుగా ఉప్పల్ చేరేసరికే గంట అయింది. నారపల్లి వైపు 2018లో పని మొదలుపెట్టిన ఫ్లైఓవర్ స్తంభాలను చూసి మా ఆవిడ "ఇక్ష్వాకులవా?" అంది. వెయ్యేళ్ల తర్వాత తవ్వేవాళ్లకూ అదే అనుమానం వస్తుంది. ఎల్బీనగర్, ఇబ్రహీంపట్నం, మాల్ దాటి నాగార్జునసాగర్. 2023 నవంబర్‌లో రెండు రాష్ట్రాల పోలీసులు 26 గేట్లున్న ఈ డ్యామ్‌ను 13వ గేటు దగ్గర సరిసమానంగా పంచుకున్నారు. పార్కింగ్ తగాదాల్లో ఇంత పెద్దది మా వీధిలో కూడా జరగలేదు.

ఆంధ్ర వైపు విజయపురి సౌత్‌లో లాంచీ రేవు. టికెట్ తీసుకుంటూ తమ్ముడు అడిగాడు: "కారు ఎక్కడిదాకా పోతది?"

"ఇక్కడిదాకానే సార్."

"ఆడ దిగినంక ఆటో ఉంటదా?"

టికెట్ ఇచ్చేవాడు తల కూడా ఎత్తలేదు. రోజుకు ఎంతమంది అడుగుతారో!

లాంచీ గంటసేపు నీళ్లను నింపాదిగా కోసుకుంటూ పోయింది. ఆ నీళ్ల కింద ఒక రాజధాని ఉంది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి. 1926లో బయటపడిన ఆ లోయ సాగర్ డ్యామ్ కింద మునిగిపోతుందని తేలాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో హడావుడిగా తవ్వారు. కొన్ని కట్టడాలను రాయి రాయీ విప్పి, కొండమీదికి చేర్చి, మళ్లీ పేర్చారు. లోయ నిండాక కొండ కొస మిగిలింది. అదే దీవి. అంటే వాహనాల నిషేధం ఎవరూ పెట్టలేదు, రోడ్లే మునిగిపోయాయి. కాప్రాలోనూ వానాకాలం ఈ పద్ధతి అమల్లోకి వస్తుంది గానీ, లాంచీ సదుపాయం ఉండదు.

రేవు నుంచి పైకి చెట్ల మధ్య బాట. మొదటి పది నిమిషాలు తమ్ముడు అలవాటు కొద్దీ రోడ్డు వారగా, వెనక్కి చూసుకుంటూ నడిచాడు. హారన్ లేదు. ఆ నిశ్శబ్దం ఆయనకు సహించలేదు. ఫోన్లో పాట పెట్టుకున్నాడు. మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఉంది, ఎక్కడ ఏ కట్టడం ఉండేదో చూపిస్తూ. దానిమీద వంగి వేలితో దారి గీస్తుంటే, బౌద్ధమేదో ఒంటబట్టిందనుకున్నాను. "అప్పట్ల ఈడిదాకా బండి పోయేదన్నా" అన్నాడు.

ఆయన్ను తప్పుపట్టను. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. అశ్వమేధమంటే ఏమిటి? గుర్రాన్ని వదిలి, అది ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా మనదే అనడం. ఆ గుర్రం ఇప్పుడు తెల్ల ఎస్‌యూవీ అయింది. మా వీధిలో అది ఆగిన చోటల్లా వాళ్ల రాజ్యమే.

పైకి తెచ్చి పేర్చిన స్నానఘట్టం దగ్గర కూర్చున్నాం. నల్లటి పలకలు, ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు. మా ఆవిడ చెప్పులు విడిచి మెట్టు మెట్టుకూ పాదం ఆనించి దిగింది. ఎక్కడా ఊగలేదు. మా ఇంటి ముందు ఫుట్‌పాత్ పలక మీద కాలు పెడితే రెండో కొస లేచి పలకరిస్తుంది.

తిరుగు ప్రయాణంలో తమ్ముడు ఫోన్ చూసి మురిసిపోయాడు, తొమ్మిది వేల అడుగులు. రాత్రి తొమ్మిదింటికి ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర ఇరుక్కున్నాం. పాల ప్యాకెట్ పట్టుకున్న పిల్లాడొకడు మమ్మల్ని దాటి దుకాణానికి పోయి, చిల్లర తెచ్చుకుని, మళ్లీ మా పక్కనుంచే వెళ్లాడు. ఇల్లు కిలోమీటరు లేదు.

"దిగి నడుద్దామా?" అన్నాను.

"నడుద్దమన్నా, నడవనీకేంది! మరి కారెట్ల, ఒక్కతే ఉంటదా?"