ప్యాకెట్టుకు టవరు అక్కర్లేదు

మా ఊరికి పట్నం డాక్టరమ్మ వచ్చేసింది. మనిషి కాదు, బొమ్మ. 2019 నవంబరులో తెరమీది వైద్యసేవ ఈ-సంజీవని మొదట గడప తొక్కింది మన ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య కేంద్రాల్లోనే. దగ్గుకీ జలుబుకీ బస్సెక్కే బాధ కొంత తీరింది, కాదనను. ఆ ఊపులో బొద్దు పిల్లల్నీ తెరకే అప్పగిస్తే సరిపోతుందట!

తొమ్మిదేళ్ల మనవణ్ణి నాయనమ్మ వెంటబెట్టుకొచ్చింది. వాడి చేతిలో చిప్స్ ప్యాకెట్టు.

"బాబుకి ఫోను తగ్గించండమ్మా" అంది ట్యాబులోంచి డాక్టరమ్మ. "రోజూ గంటసేపు ఆడించండి."

"ఆడే చోట ట్యాంకు కట్టారు తల్లీ. అయినా పుష్టిగా ఉంటే జబ్బంటావేంటి?" అంటూ ముసలామె మనవడికి మెటికలు విరిచింది.

డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. సిగ్నల్ పోయి నోరు తెరిచినట్టే ఉండిపోయింది. మనవడు రెండో ప్యాకెట్టు చించాడు.

ముసలామెను ఏమనగలం? 1975లో పసిపిల్లల పోషణ పథకం ఐసీడీఎస్ మొదలైన నాటినుంచీ అంగన్‌వాడీ తూకం వెతుకుతున్నది బక్కపిల్లల్నే. ముల్లు బరువు వైపు మొగ్గితే సంబరమే. ఈలోగా దేశంలో ఐదేళ్లలోపు అధిక బరువు పిల్లలు, కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతకూ ఐదో విడతకూ మధ్య, 2.1 శాతం నుంచి 3.4 శాతానికి చేరారు.

ఈ జబ్బుకు మందు మాత్ర కాదు, ఇంటిల్లిపాదీ అలవాట్లు మార్చడం. ఏడాదిలో కనీసం 26 గంటలు వైద్య సిబ్బంది పిల్లలతో, కుటుంబంతో కూర్చోవాలని అమెరికా నిపుణుల బృందం 2024లో తేల్చింది. మా ముసలామెకు దక్కింది బొమ్మ బిగుసుకునేదాకా.

ప్యాకెట్టుకు సిగ్నల్ బెడద లేదు. అంబులెన్సు దారి తప్పే వీధికీ దాని వ్యాను ఠంచనుగా వస్తుంది. ఐదు రూపాయలకే, బడ్డీకొట్టు చూరుకు తోరణంలా వేలాడుతుంది. బడి గేటు నుంచి 50 మీటర్లలోపు ఉప్పు, చక్కెర, కొవ్వు దండిగా ఉన్న తిండి అమ్మకూడదని 2020లోనే కేంద్రం నిబంధన పెట్టింది. మా గేటుకీ కొట్టుకీ దూరం కొలవడానికి టేపెందుకు? పిల్లాడి చెయ్యి చాలు.

కనుక ఏలినవారికి ఒకటే మనవి. డాక్టరమ్మను ఊళ్లోకి పంపండి, ఆ కొట్టును ఆన్‌లైన్‌కు ఎక్కించండి. ప్యాకెట్టు కావాలంటే ఆధార్ కలవాలి, ఓటీపీ రావాలి, అప్పుడు సర్వరు డౌనవ్వాలి, "రేపు రా" అనాలి. ఆర్నెల్లలో మా పిల్లలు సన్నబడకపోతే నన్నడగండి.