సౌండు పెంచడానికి ఎన్ని భాషలు కావాలి?

హాల్లో టీపాయ్ మీదకు ఒక్కసారి చూడండి. టీవీ రిమోట్, సెట్‌టాప్ బాక్సు రిమోట్, సౌండ్‌బార్ రిమోట్, ఎవరో బెడ్‌రూమ్ నుంచి తెచ్చి పడేసిన ఏసీ రిమోట్. కొన్నరోజు తొడిగిన ప్లాస్టిక్ కవరు నల్లబడి చిరిగినా ఎవరూ విప్పరు. పండక్కి వచ్చిన అల్లుడికి ఏది దేనిదో చెప్పడానికి అత్తగారు పక్కనే నిలబడాలి. ఇంత సరంజామా చూస్తే లోపల ఏదో మహారహస్యం ఉందనిపిస్తుంది. రహస్యం ఏమీ లేదు. ఉన్నదల్లా కంపెనీల మొండితనం.

రిమోట్ ముక్కున ఉన్న చిన్న ఎల్‌ఈడీ కంటికి కనపడని పరారుణ కాంతిని వెలిగించి ఆర్పుతుంది. అంతే దాని విద్య. సెల్ఫీ కెమెరా ముందు పెట్టి మీట నొక్కితే చాలా ఫోన్లలో ఊదారంగు మిణుకు కనిపిస్తుంది కూడా. ఎండలో, బల్బు వెలుగులో పరారుణం దండిగా ఉంటుంది కాబట్టి, ఆ రొదలో తన మాట వేరుగా తెలియడానికి సెకనుకు సుమారు 38 వేల సార్లు మిణుకుతుంది. టీవీలోని మూడుకాళ్ళ రిసీవరు ఆ లయను మాత్రమే పట్టుకుని తక్కినదాన్ని వదిలేస్తుంది. ఇంతవరకు ఇంజనీర్లకు రెండు చేతులా దండం. ఆ తర్వాతే కంపెనీలు ప్రవేశించాయి.

జపాను ఎన్‌ఈసీ పద్ధతి చూడండి. ముందుగా 9 మిల్లీసెకన్ల వెలుగు, 4.5 మిల్లీసెకన్ల చీకటి. అంటే ‘ఇదిగో, విను’ అని. తర్వాత 32 బిట్లు. ప్రతి బిట్టులో వెలుగు ముక్క ఒకే కొలత, తేడా దాని వెనకొచ్చే చీకటిది. చీకటి సుమారు 0.56 మిల్లీసెకన్లయితే సున్నా, దానికి మూడింతలైతే ఒకటి. మొదటి 8 బిట్లు చిరునామా, అంటే ఈ మాట ఏ పెట్టెకో. తర్వాతి 8 అదే చిరునామా, సున్నాలు ఒకట్లుగా, ఒకట్లు సున్నాలుగా తిప్పి. ఆ పైన 8 బిట్ల ఆజ్ఞ, చివర దాని తిరగేత. రెండూ పొసగకపోతే మాట దారిలో చెడిందని తెలుసుకుని టీవీ ఊరుకుంటుంది. మీట అలాగే నొక్కిపెడితే రిమోట్ మొత్తం మళ్ళీ చదవదు. 108 మిల్లీసెకన్లకోసారి ‘అదే, అదే’ అని చిన్న గుర్తు పంపుతుంది. ముచ్చటైన ఏర్పాటు! కానీ 8 బిట్లలో పట్టేవి 256 చిరునామాలే. అవి చాలకపోయేసరికి ఏం చేశారు? చిరునామా తిరగేతను తీసేసి ఆ 8 బిట్లనూ చిరునామాకే కలిపేశారు. కాపలావాణ్ణి సాగనంపి వాడి గదిని అద్దెకిచ్చినట్టు.

పోనీ అందరూ ఇదే వాడారా? ఎవరికి వారే యమునా తీరే. ఫిలిప్స్ ఆర్‌సీ-5 సెకనుకు 36 వేల మిణుకులు, 14 బిట్లు అంది. వెలుగు ఎంతసేపుందన్నది దానికి లెక్కలేదు, బిట్టు నడిమధ్యలో వెలుగు వచ్చిందా, ఆరిందా అన్నదే లెక్క. సోనీ 40 వేలు అంది. అక్కడ చీకటి కాదు, వెలుగే పొట్టీ పొడుగూ అవుతుంది: 0.6 మిల్లీసెకన్లు సున్నా, 1.2 అయితే ఒకటి. ఒక్కసారి చెబితే వింటారన్న నమ్మకం లేక ప్రతి మాటా కనీసం మూడుసార్లు చెబుతుంది. శామ్‌సంగ్‌ది దాదాపు ఎన్‌ఈసీ చట్రమే, మొదటి పిలుపు మాత్రం 9 కాదు, 4.5. చిరునామాను తిరగేయకుండా ఉన్నదున్నట్టు రెండుసార్లు పలుకుతుంది. ఫిలిప్స్ ఎక్కువ విలువున్న బిట్టు నుంచి చదువుతుంది, ఎన్‌ఈసీ, సోనీ తక్కువ విలువున్న బిట్టు నుంచి. ఇంత గంభీరమైన సిద్ధాంత విభేదాలు దేనికోసం? సౌండు కాస్త పెంచడానికి! ఆ మాట ఫిలిప్స్‌కు 16, సోనీకి 18, శామ్‌సంగ్‌కు 7.

భద్రత కోసమేమో అని ఎవరైనా అమాయకంగా అడగవచ్చు. ఈ కోడ్లకు తాళం లేదు, చెవీ లేదు. మిచ్ ఆల్ట్‌మన్ అనే అమెరికన్ 2004లో టీవీ-బీ-గాన్ అని ఒక మీట ఉన్న కీచైన్ తెచ్చాడు. నొక్కితే రకరకాల టీవీల పవర్ కోడ్లు వరుసగా వదులుతుంది, హోటల్లో అరుస్తున్న టీవీ టక్కున నోరు మూసుకుంటుంది. ఇంజనీరింగ్ కుర్రాళ్ళు ఆర్డుయినో బోర్డుకు ఆ మూడుకాళ్ళ రిసీవరు తగిలించి, వెలుగు ఎంతసేపు, చీకటి ఎంతసేపు అని కొలిచి, ఒక సాయంత్రంలో కోడు విప్పేస్తారు. (రిసీవరుదో తిక్క: వెలుగు పడితే వోల్టేజి పెరగదు, పడిపోతుంది. ముందు తెలియకపోతే ఆ సాయంత్రం కాస్తా రాత్రవుతుంది.) హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి కంపెనీ పేరు చెబితే దుకాణదారు నకలు రిమోట్ తీసి చేతిలో పెడతాడు. యాపిల్ సహస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ అంతటివాడు 1987లో అన్ని రిమోట్ల కోడ్లూ నేర్చుకునే ఒకే రిమోట్ తెచ్చాడు. ఫలితం: టీపాయ్ మీద ఇంకో రిమోట్ చేరింది.

ఏసీ కథ మరీ రంజుగా ఉంటుంది. టీవీ రిమోట్ నొక్కిన మీట మాటే చెబుతుంది. ఏసీ రిమోట్ చాలావరకు అలా కాదు. మీరు ఒక్క డిగ్రీ తగ్గించినా చలువ, ఫ్యాను, రెక్కల ఊపు, టైమరు అన్నీ కలిపి పురాణమంతా మొదటి నుంచి వినిపిస్తుంది. ఏసీ విన్నదో లేదో దానికి తెలియదు, ఎందుకంటే ఈ సంభాషణలో జవాబు అనేదే లేదు. అయినా తెర మీద 18 అని ఠీవిగా వేస్తుంది. అది గది సంగతి కాదు, ఏసీ సంగతీ కాదు, రిమోట్ మనసులోని మాట. కర్టెన్ అడ్డొచ్చి కబురు చేరలేదని తెలియక ‘18లో పెట్టానే, చల్లబడదేం?’ అని ఆయన, ‘మెకానిక్‌ని పిలవండి మరి’ అని ఆవిడ.

చివరికి కంపెనీలన్నీ ఒక్క విషయంలో కలిశాయి. హెచ్‌డీఎంఐ తీగ గుండా ఒక పెట్టె మాట ఇంకో పెట్టె వినేలా సీఈసీ అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది, అంటే టీవీ రిమోట్‌తోనే పక్కపెట్టెనూ నడపవచ్చు. సంతోషించేలోపే శామ్‌సంగ్ దానికి ఎనీనెట్ ప్లస్ అని, సోనీ బ్రావియా సింక్ అని, ఎల్‌జీ సింప్‌లింక్ అని, ఫిలిప్స్ ఈజీలింక్ అని పేర్లు పెట్టాయి. ఉన్నది ఒకటే అని కొన్నవాడికి తెలిస్తే పరువు పోతుంది కాబోలు.

ప్రొజెక్టర్లు చేసే కంపెనీలు కొన్ని మాన్యువల్ చివరి పేజీల్లో రిమోట్ కోడ్ల పట్టికను అచ్చువేస్తాయి. ఏ కొంపా మునగలేదు. టీవీ, ఏసీ కంపెనీల పెద్దలకు మనవి: టీవీని నీళ్ళలో ముంచవద్దని పది భాషల్లో చెప్పే ఆ పుస్తకంలోనే ఒక్క పేజీ ఖాళీ చేసి ఆ పట్టిక వేయండి. మీరు వేయకపోయినా అది గుజరాతీ గల్లీలో దొరుకుతూనే ఉంది.