అన్నం ముద్దాయి

మా బంధువర్గంలో ఈమధ్య ఏ కీడు జరిగినా నింద అన్నం మీదే పడుతోంది. పెదనాన్నకు మోకాళ్లు పట్టేశాయా? అన్నం. పిన్నికి గ్యాసా? అన్నం. మొన్న ఒక కుర్రాడికి ఎంట్రన్స్‌లో ర్యాంకు రాకపోతే, మధ్యాహ్నం పప్పన్నం తిని నిద్రపోబట్టే అని తేల్చారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో తరతరాలుగా మనుషుల్ని పోషించిన ధాన్యం చేతులు కట్టుకుని బోనులో నిలబడింది. దాని మీద వాదించే పెద్ద ప్లీడరు మా బావగారు. బ్యాంకులో రిటైరయ్యారు, గుంటూరులో ఉంటారు, అన్నం మానేసి 13 కిలోలు తగ్గారు. తగ్గిన మాట నిజం, కాదనను. ప్యాంటు నడుము దగ్గర రెండు వేళ్లు దూర్చి చూపించకుండా ఆయన ఎవర్నీ గుమ్మం దాటనివ్వరు.

2017, 2018 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ పేరుతో తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా పాకిన పద్ధతి గుర్తుండే ఉంటుంది. రోజుకు 70 గ్రాములకు తగ్గకుండా కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం, రొట్టె, ఇడ్లీ, పళ్లు బంద్. ఆ రోజుల్లో కొబ్బరినూనె తలకు రాసుకునేవాళ్ల కన్నా గుటక వేసేవాళ్లే ఎక్కువ కనిపించారు. తర్వాత అదే సరుకు 'కీటో' అని బోర్డు మార్చుకుని, హైటెక్ సిటీకి మకాం మార్చి, ధర పెంచుకుంది.

ఇందులో కొత్తేమీ లేదు. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, పంచదార, బీరు, బంగాళదుంప మానేసి ఒళ్లు తగ్గించుకుని, ఆ సంగతి సొంత ఖర్చుతో పుస్తకం అచ్చేసి పంచిపెట్టాడు. ఆయనది శవయాత్రలు జరిపించే కుటుంబం, రాజవంశానికి కూడా అంత్యక్రియలు వాళ్లే చేసేవారు. లావు తగ్గండని జనాన్ని బతిమాలడంలో ఆయనకు వ్యాపార లాభం లేదని మాత్రం ఒప్పుకోవాలి. 1972లో అమెరికాలో డాక్టర్ అట్కిన్స్ అదే పాట మళ్లీ ఎత్తుకున్నాడు. ఇంత చరిత్రలో మారనిది ఒకటే: కేసు ఎప్పుడూ సాక్షుల మీదే నడుస్తుంది. "నేను మానేశాను, నేను తగ్గాను." అంతే. తీర్పు వచ్చేసినట్టే.

సాక్షుల్ని పిలిచే పద్ధతిలోనే ఉంది కిటుకంతా. ఫంక్షన్ హాల్లో సభ పెడతారు. స్టేజి మీదికి ఎక్కేవాడు నిన్నో మొన్నో తగ్గినవాడు. మూడు నెలల కిందటి ఫొటో ఒక చేత్తో, మైకు ఇంకో చేత్తో పట్టుకుంటాడు. చప్పట్లు. మూడేళ్ల కిందట ఇదే స్టేజి ఎక్కినవాడు ఏడి? వెనక వరుసలో, కొంచెం వదులు చొక్కా వేసుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన్ని ఎవరూ పిలవరు. పిలిచినా ఆయనకు బదులుగా వేరేవాళ్లే చెబుతారు: "సరిగ్గా చెయ్యలేదండీ, మధ్యలో ఎక్కడో తప్పు చేసుంటాడు." తగ్గితే డైట్ గొప్పతనం, పెరిగితే మనిషి లోపం. ఇంత భద్రమైన సిద్ధాంతం జ్యోతిషంలో కూడా లేదు.

మొదటి వారంలో రెండు కిలోలు పోయాయని గంతులేసేవాళ్లకు ఒక చిన్న లెక్క. మన కాలేయంలో, కండల్లో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో సుమారు అరకిలో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం మానగానే ఆ నిల్వ ఖర్చయి, నీళ్లు బాత్రూమ్‌లోకి పోతాయి. అంటే మొదటి వారం సంబరంలో సింహభాగం మూత్రానిది. పెళ్లిలో ఒక పూట పులిహోర తినగానే కాటా ముల్లు వెనక్కి రావడానికి కారణం కూడా అదే. అది కొవ్వు కాదు, నీళ్లు తిరిగి ఇంటికి రావడం. మా బావగారు మాత్రం ఆ ఒక్క పులిహోరను ఇప్పటికీ హంతకురాలిలా తలుచుకుంటారు.

నేనూ ఈ డైట్ కొంతకాలం చేశాను. మొదట్లో తలనొప్పి, చిరాకు, నోట్లో పండు కుళ్లిన వాసన. అవన్నీ ఓర్చుకున్నాను. కొత్తావకాయ జాడీ తీసిన రోజున మాత్రం చేతులెత్తేశాను. వేడన్నం లేకుండా ఆవకాయను ఏం చేసుకోను? గుడ్డట్టులో పెట్టి చుట్టాను. ఆవకాయ ముఖం తిప్పుకుంది. అయినా బరువు తగ్గాను, అదీ చెప్పాలి. ఎందుకు తగ్గానో కూడా చెప్పాలి. అన్నంతో పాటు ఆఫీసు టీలో పంచదార పోయింది, సాయంత్రం మిరపకాయ బజ్జీ పోయింది, కూల్ డ్రింకు పోయింది. ఇంతమంది దొంగలు ఇల్లు వదిలిపోతే, దొరికిన సొమ్మంతా అన్నం దగ్గరే స్వాధీనం చేసుకున్నట్టు పంచనామా రాశాం.

2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ తగవు ఓపిగ్గా విచారించారు. 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు తగ్గించారు, రెండో జట్టుకు పిండిపదార్థాలు తగ్గించారు. రెండు జట్లకూ చెప్పింది మాత్రం ఒకటే: పంచదార, మైదా తగ్గించండి, కూరగాయలు తినండి, వీలైనంత ఇంట్లో వండుకోండి. ఏడాది తర్వాత తూస్తే కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. గణాంకాల ప్రకారం చెప్పుకోదగ్గ తేడా కాదు. రెండు జట్లలోనూ బాగా తగ్గినవాళ్లున్నారు, పెరిగినవాళ్లూ ఉన్నారు. ఈ సంగతి బావగారికి చెబితే, "వాళ్లకేం తెలుసోయ్, అమెరికా వాళ్లు అన్నం తింటారా?" అన్నారు. అమెరికా నుంచే వచ్చిన కీటో పొడి డబ్బా అప్పుడు ఆయన చేతిలోనే ఉంది.

నవ్వుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. మన తాతల కాలంలో చాలా ఊళ్లలో రోజూ వరన్నం తినడం కలిగినవాళ్ల వైభోగం. మిగతావాళ్లకు జొన్న సంకటో, రాగి అంబలో. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు ఎన్నో ఇళ్లలో తెల్లన్నం రోజూ ఉడకడం మొదలైంది. తీరా పేదవాడి కంచంలోకి అన్నం వచ్చేసరికి, ఉన్నవాడు అన్నం మానేయడం గొప్పయింది. క్యాలీఫ్లవర్‌ను బియ్యపు గింజల్లా తురిమి, బాదం పిండితో రొట్టె చేసి, ఆ రొట్టె విరిగిపోతే "టేస్ట్ అదిరింది" అని ఫొటో పెడతాడు. ఆ బాదం పిండి ఖరీదుకు ఒక కూలి ఇంట్లో కొన్ని వారాల బియ్యం వస్తాయి.

సుగర్ ఉన్నవాళ్ల విషయంలో మాత్రం ఎగతాళి చెయ్యను. మనం తెల్లన్నం ఎక్కువే తింటాం, తగ్గిస్తే చాలామందికి సుగర్ దిగుతుంది, అది మంచిదే. కానీ ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మందులు పాత మోతాదులోనే వేసుకుంటూ అన్నం ఒక్కసారిగా ఆపేస్తే సుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇన్సులిన్ తప్పనిసరి అయినవాళ్లు సభలో విన్న సాక్ష్యం నమ్మి సూది మానేస్తే ప్రాణమే పోవచ్చు. మందు తగ్గించాల్సింది డాక్టరు. మైకు పట్టుకున్నవాడు కాదు.

ఇంతకీ ఈ కేసులో అసలు సాక్షిని ఇంతవరకూ ఎవరూ విచారించలేదు. మా అక్క. బావగారికి పొద్దున్నే వెన్న వేసిన కాఫీ, పది గంటలకు పనీర్ వేపుడు, మధ్యాహ్నం సూపు, రాత్రికి చికెన్. మిగతా ఇంటికి మామూలు వంట విడిగా. గిన్నెలు రెండింతలు, జిడ్డు నాలుగింతలు. మొన్న వెళ్లినప్పుడు సింకు దగ్గర నిలబడి అంది, "ఒరేయ్, తగ్గింది ఆయన, చిక్కింది నేను."

సభలు పెట్టే పెద్దలకు ఒక మనవి. ఈసారి అదే ఫంక్షన్ హాల్లో, మూడేళ్ల కిందట స్టేజి ఎక్కినవాళ్లందర్నీ పేరు పేరునా పిలవండి. వాకిట్లో కాటా పెట్టండి, అంకె మైకులో చదవండి. ఆ తర్వాత వాళ్ల ఇళ్లలో రెండు పొయ్యిల మీద వండిన ఆడవాళ్లను స్టేజి ఎక్కించండి. మా అక్కకు కనీసం గంట టైమ్ ఇవ్వండి, ఆవిడ చెప్పాల్సింది చాలా ఉంది.