అంగుళాల ఆసామి

విమానంలో ఈయన్ని పోల్చుకోవడం తేలిక. కూర్చోగానే బెల్టు పెట్టుకోడు. ముందు సీటు వీపుకీ తన మోకాలికీ మధ్య జానెడు పట్టి చూస్తాడు. జానెడు పట్టకపోతే నాలుగు వేళ్లు దూరుస్తాడు. అవీ పట్టకపోతే పక్కవాడికి చరిత్ర మొదలెడతాడు: డెబ్బైలలో అమెరికా విమానాల్లో వరసకీ వరసకీ దాదాపు 35 అంగుళాలుండేవని, అది 31కి దిగిందని, కొన్ని కంపెనీలు 28కే సరిపెడుతున్నాయని. పక్కవాడు ఇయర్‌ఫోన్లు వెతుక్కుంటాడు. ఇంత లెక్క తెలిసిన మనిషి టికెట్టు కొనేటప్పుడు మాత్రం నాలుగు సైట్లు తిరగేసి రెండొందలు తక్కువకి దొరికిన చోటే కొంటాడు. జాగా ఉన్న సీటుకి అదనం అడిగితే, ‘కాళ్లకి కూడా టికెట్టా?’ అంటాడు. ఎగ్జిట్ వరస ఉచితంగా తగలకపోతుందా అని వెబ్ చెకిన్ తెరిచే వేళకి అలారం పెట్టుకుంటాడు.

నవ్వుకోవచ్చు గానీ, ఆయన లెక్క తప్పు కాదు. 2017లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు జడ్జి ప్యాట్రీషియా మిలెట్, రోజురోజుకీ కుంచించుకుపోయే సీటు కేసు ఇదంటూ తీర్పులో చమత్కరించారు. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్, సీటు కొలతలకి కనీస హద్దు పెట్టమని విమానయాన శాఖకి ఏడాది గడువిచ్చింది. గడువు దాటి ఏళ్లు గడిచినా ఆ అంకె రాలేదు. బ్రిటన్ అయితే 1989లోనే, సీటు వీపు నుంచి ముందు సీటు వీపు దాకా 26 అంగుళాలకి తగ్గకూడదని చెప్పింది. అమెరికా శాఖ చూసేది మోకాళ్లని కాదు, గడియారాన్ని: సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో అందరూ బయటపడాలి. ఓక్లహోమా సిటీలో వందల మందితో పరీక్షించి, 28 అంగుళాలైనా దిగడానికి అడ్డం కాదని తేల్చారు. వాళ్లందరూ అరవై లోపు ఆరోగ్యవంతులు. మనవణ్ణి చూడ్డానికి హైదరాబాద్ నుంచి డాలస్ దాకా మోకాళ్ల నొప్పులతో వెళ్లే అమ్మానాన్నలు అందులో లేరు.

‘జాగా కావాలంటే డబ్బు పెట్టాలి, చవక టికెట్టు కొని ఏడవడమెందుకు?’ అనేవాళ్లున్నారు. అది కొట్టిపారేసే మాట కాదు కాబట్టి లెక్క కట్టి చూద్దాం. 180 సీట్ల ఎ320లో 30 వరసలు. వరసకో అంగుళం పెంచితే 30 అంగుళాలు, అంటే ఇంచుమించు ఒక వరస పోతుంది. ఆరు సీట్లు. 5,000 టికెట్టు మీద ఆ భారం పడేది సుమారు 170 రూపాయలు, మన ఆసామి నాలుగు సైట్లు తిరిగి మిగుల్చుకున్నదాని కంటే తక్కువే. కానీ ఆ అంగుళాన్ని ఒక్క కంపెనీ తనంతట తాను ఇచ్చిందంటే, ధరల జాబితాలో కిందికి జారిపోతుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2000లో వరసలు పీకి జాగా పెంచింది. కొన్నేళ్లకే మళ్లీ సీట్లు బిగించింది. అందుకే నిబంధన కావాలి: అందరూ ఒకేసారి ఇస్తే ఎవరికీ నష్టం లేదు.

ఇది ఆసామికి తెలియక కాదు. కానీ కంపెనీ ఎదురుగా లేదు, ముందు సీటాయన ఉన్నాడు. ఆయన సీటు రెండంగుళాలు వాల్చగానే అత్త మీద కోపం దుత్త మీద పడుతుంది. మోకాలితో ఓ పోటు, ఓ దగ్గు, చివరికి ఎయిర్ హోస్టెస్‌కి ఫిర్యాదు. 2014లో న్యూవార్క్ నుంచి డెన్వర్ వెళ్లే విమానంలో ఒకాయన ముందు సీటు వాలకుండా ప్లాస్టిక్ బిళ్లలు బిగిస్తే, గొడవ ముదిరి విమానాన్ని షికాగోలో దించాల్సొచ్చింది. పాపం, మన ఆసామి ముందు సీటాయనా అదే ఇరుకు బాధితుడే. ఇక ఎప్పుడైనా అలారం ఫలించి ఎగ్జిట్ వరస ఉచితంగా తగిలిందా, ఆసామి గొంతే మారిపోతుంది. కాళ్లు బార్లా చాపుకుని, వెనకెవరో ఇరుకని గొణుగుతుంటే, ‘ఈ ధరకి ఇంకేం ఇస్తారండీ!’ అంటాడు.