చాంబర్ కింద నాలుగంగుళాలు

బ్రిటన్‌లో ఒకప్పుడు పూర్తిగా తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను పడేది. విడిభాగాలు కొనుక్కుని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు. 1957లో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్ ఆ సందులోంచే దూరింది. బిగించే పద్ధతి రాసివ్వకూడదన్నది షరతు కాబట్టి విప్పే పద్ధతి రాసిచ్చారనీ, కొన్నవాళ్లు దాన్ని చివర్నించి మొదటికి చదువుకున్నారనీ చెప్పుకుంటారు. 1973లో ఆ పన్నే పోయింది. గ్యారేజీలో కారు కట్టుకునే పిచ్చి మాత్రం పోలేదు సరికదా, 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చంటూ 1996లో రాన్ చాంపియన్ పుస్తకం వేశాక ఇంకా ముదిరింది.

ఇలా కట్టుకున్నవాడు మురిసిపోయేది కారు పొట్టితనం చూసే. సీట్లో కూర్చుని చెయ్యి కిందికి వేలాడేస్తే రోడ్డు అందుతుంది. చిక్కల్లా ఇంజిన్‌తోనే. అది ఏ పాత ఫోర్డ్ సియెర్రాలోంచో ఊడదీసింది. ఎత్తయిన కారు కోసం పుట్టినదాన్ని ఈ పొట్టి బానెట్ కింద ఇరికిస్తే, పైన పట్టనిదంతా కిందికి దిగుతుంది. ముందుగా దిగేది మన మెకానిక్కులు ఆయిల్ చాంబర్ అనే భాగం. దాని అడుగు కోసి పొట్టి చేస్తారు, ఆయిల్ తగ్గిపోకుండా పక్కలకి పెంచి వెల్డింగ్ పెడతారు. ఇంత చేసినా రోడ్డుకీ దానికీ మధ్య మిగిలేది నాలుగంగుళాలు, చాలాసార్లు అంతకన్నా తక్కువే.

ఇక సర్కారు వంతు. బ్రిటన్‌లో 1999 నిబంధనల ప్రకారం స్పీడ్ హంప్ 100 మిల్లీమీటర్ల ఎత్తు దాకా ఉండొచ్చు, అంటే దాదాపు అదే నాలుగంగుళాలు! మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన ఎత్తూ 10 సెంటీమీటర్లే. కాకపోతే కాలనీల్లో రాత్రికి రాత్రి మొలిచే స్పీడ్ బ్రేకర్లకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. సెవెన్ తరహా కార్లలో ఇంజిన్ చాలామటుకు ముందు చక్రాలకు వెనకాలే ఉంటుంది. ఆ చక్రాలు హంప్ ఎక్కి దిగాయి, హమ్మయ్య అనుకునేసరికి దాని నెత్తి సరిగ్గా చాంబర్ కిందికొస్తుంది.

అల్యూమినియం పోత చాంబరైతే పగులుతుంది, ఆయిలంతా రోడ్డు పాలు. ఇనప రేకుదైతే సొట్టపడి ఊరుకుంటుంది. అసలు ప్రమాదం ఈ రెండోదే. సొట్ట లోపలికెళ్లి ఆయిల్ పీల్చే గొట్టం మూతికి ఆనుకుంటే, కొబ్బరిబొండం అడుక్కి స్ట్రా నొక్కి పీల్చినట్టే. కింద చుక్క కారదు, పైన బేరింగులు ఎండిపోతాయి.

అందుకే అడుగున రేకు గార్డు. దాన్ని చాంబర్‌కే బిగించే మహానుభావులున్నారు. దెబ్బ తగిలితే రేకు దాన్ని జాగ్రత్తగా చాంబర్‌కి అందజేస్తుంది. బిగించాల్సింది ఛాసిస్ గొట్టాలకు, మధ్యలో కాస్త ఖాళీ వదిలి. ముందు అంచు పైకి వంచాలి, లేకపోతే పారలా రోడ్డును తవ్వుతుంది. బోల్టు తలలు రేకులోకి దిగిపోవాలి. బయటికి పొడుచుకొస్తే అవే ముందు అరిగి, తర్వాత ఏ పానాకీ చిక్కవు. ఆయిల్ మార్చడానికి కన్నం మరిచిపోయినవాడు ప్రతిసారీ గార్డంతా విప్పుకుంటాడు. బ్రేకు పైపులూ పెట్రోలు గొట్టమూ మాత్రం గార్డు నమ్ముకోకుండా మధ్య టన్నెల్ లోపలినుంచి తీసుకెళ్లడమే మేలు.

బరువు తగ్గించాలని హ్యాండ్‌బ్రేకు కడ్డీకి కూడా చిల్లులు పొడిచిన మనిషి, 5 మిల్లీమీటర్ల మందాన 50 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు అల్యూమినియం పలక తెచ్చి 2.7 కిలోలు తగిలిస్తాడు. పైగా పలక మందమూ, చాంబర్‌కీ దానికీ మధ్య వదిలిన ఖాళీ కలిసి ఉన్న నాలుగంగుళాల్లోంచే పోతాయి. దాంతో చాంబర్ ఒంటరిగా ఉన్నప్పుడు హాయిగా దాటిన హంపులు కూడా ఇప్పుడు గర్రుమంటాయి. యజమాని మాత్రం గార్డు భలే పనిచేస్తోందని సంబరపడతాడు.

ఫార్ములా వన్‌లో లెక్క తిరగబడింది. 1994లో కార్ల అడుగున చెక్క పలక తప్పనిసరి చేశారు. ఆ ఏడు బెల్జియంలో మొదట వచ్చిన మైకేల్ షూమాకర్, పలక మితిమీరి అరిగిందని గెలుపే పోగొట్టుకున్నాడు. గ్యారేజీ కార్లకు ఆ బెంగ లేదు, ఎంతైనా అరగొచ్చు.

డ్రై సంప్ అని ఇంకో దారి ఉంది. ఆయిల్‌ని ఎప్పటికప్పుడు తోడి వేరే ట్యాంకులో పోస్తుంది కాబట్టి కింద లోతులేని పళ్లెం చాలు. దాని ధర విన్నాక చాలామంది హంప్ ముందు ఆపి, పక్కసీటు మనిషిని దించి, అవతల ఎక్కించుకుంటున్నారు.